కడియం దాటిన డొల్ల

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గొర్రెల మంద తనంతట తానే సరిహద్దు కొండల్లోని మవ్రోలిథి ఊళ్ళోకి దిగివచ్చింది. ముందు కుక్క లేదు, వెనక మనిషి లేడు. మెడల్లో గంటలు మోగించుకుంటూ చర్చి పక్క రాళ్ళదారి వెంట వచ్చి, కాఫీ కొట్టు ముందు ఆగి, ఎటు పోవాలో తెలియక ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. కొట్లో పేకాడుతున్నవాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వుకున్నారు. "లుల్జిమ్ గాడు ఎక్కడో తాగి పడుంటాడు" అన్నాడొకడు. కాపరి లుల్జిమ్ తాగడని అందరికీ తెలుసు. అందుకే ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

చీకటి పడకముందే దొరికాడు. తోడేలు వాగు ఒడ్డున ఎండిన పొదల మధ్య బోర్లా, ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. నడుం పైన దూరిన గుండు అటువైపుగా బయటికి పోయింది. కుక్క పక్కనే కూర్చుని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆ రోజు ఊరి వేటజట్టు అదే కొండ మీద అడవి పందుల్ని తోలింది. తొమ్మిది తుపాకులు. పొద్దుటినుంచీ ఎన్నోసార్లు పేలాయి. వాటిలో ఏది ఎవరిదో, ఎటు పేలిందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఆ మాట థీమియోస్ చెవిన పడినప్పుడు అతను ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని మోకాలికి ఉన్ని గుడ్డ చుట్టుకుంటున్నాడు. అరవై ఏడేళ్ళవాడు. పట్నంలో బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు లేతు మీద పనిచేసి వచ్చినవాడు కాబట్టి ఊరంతా మేస్త్రీ అనే పిలుస్తుంది. మోకాలు పాడయ్యాక వేటకి వెళ్ళడం మానేశాడు గానీ, వేటను మాత్రం వదల్లేదు. జట్టుకి కావలసిన తూటాలన్నీ ఇంటి వెనక షెడ్డులో తనే నింపుతాడు. సీసం కరిగించి గుండ్లు పోసేదీ అతనే.

"లుల్జిమ్‌ని కొట్టింది ఒంటి గుండట" అంది భార్య ఎవాంథియా, గడపలో నిలబడి, తలగుడ్డ విప్పకుండానే.

థీమియోస్ గుడ్డ ముడి బిగించాడు. తొమ్మిది తుపాకుల్లో ఏది పేలినా, ఆ గుండు మాత్రం తన చేతిమీదుగా పోయిందే.

లుల్జిమ్ అల్బేనియా నుంచి వచ్చి పన్నెండేళ్ళుగా ఆ కొండల మీద గొర్రెలు కాస్తున్నాడు. నాలుక ఊడిన గంటలు పట్టుకుని షెడ్డుకి వచ్చేవాడు, కూలికి బదులు పుట్టగొడుగులో, ఆకులో చుట్టిన జున్నుముక్కో ఇచ్చేవాడు. "మేస్త్రీ, మీ తూటాలు ఒక్కసారి అరిచి ఊరుకుంటాయి. నా గంటలు చూడండి, రోజంతా వాగుతాయి" అనేవాడు. గంట బాగయ్యాక చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నచ్చితేనే తీసుకునేవాడు. నచ్చకపోతే మొహమాటం లేకుండా బల్ల మీద పెట్టి కూర్చునేవాడు.

సోమవారం పట్నం నుంచి పోలీసులొచ్చారు. తొమ్మిది తుపాకులూ పట్టుకుపోయారు. ఎవరెక్కడ కాపు కాశారు, ఎవరెన్నిసార్లు పేల్చారు అని అడిగి రాసుకున్నారు. జట్టు నాయకుడు స్తెర్యోస్ అందరికన్నా ముందు తన మాట చెప్పాడు. తను పైకనుమ దగ్గర నిలబడి వైర్‌లెస్‌లో జట్టుని నడిపిస్తూ ఉన్నాననీ, ఆ రోజు తన తుపాకీ ఒక్కసారి కూడా పేలలేదనీ. గొట్టం వాసన చూశారు. నూనె వాసన తప్ప మరేమీ లేదు. గుండు మట్టిలో ఎక్కడ కూరుకుపోయిందో దొరకలేదు. వాగు దగ్గర ఒక్క ఖాళీ తూటా డొల్ల కూడా దొరకలేదు. అల్బేనియావాడు, వేటగాళ్ళకి కనపడేలా నారింజరంగు చొక్కా కూడా వేసుకోకుండా వేట నడుమకి ఎందుకు పోయినట్టు అన్న మాట కొట్లో అప్పుడే నెమ్మదిగా మొదలైంది.

మంగళవారం పొద్దున కీత్సోస్ గోనెసంచి భుజాన వేసుకుని షెడ్డుకి వచ్చాడు. కీత్సోస్ జట్టులో కుక్కల్ని నడిపేవాడు. డెబ్బై దాటినవాడు, సగం చెవుడు. వేట అయ్యాక కాపులన్నీ తిరిగి, పేలిన తూటాల డొల్లలు ఏరుకురావడం అతని అలవాటు. డొల్ల పాడవకపోతే నాలుగైదుసార్లు నింపుకోవచ్చు.

"పోలీసులు ఇవి అడగలేదా?" థీమియోస్ గట్టిగా అరిచాడు.

"ఏంటీ?"

"పోలీసులు! ఈ డొల్లలు!"

"నన్నెవడడిగాడు? తుపాకీ లేనోడితో మాకేం పని అన్నారు. కుక్కల పేర్లు మాత్రం రాసుకున్నారు, ఎందుకో ఏమో." కీత్సోస్ సంచి దించి వీపు నిమురుకున్నాడు. "వాడు పడున్నాడని తెలీక ముందే ఏరేశాను మేస్త్రీ. పైనించి కిందాకా. వాగు దాకా కూడా పోయాను. ఆ పొదల్లో ఇంకో ఇరవై అడుగులేస్తే నా కాలికే తగిలేవాడు." అని శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయాడు.

థీమియోస్ సంచిని బల్ల మీద కుమ్మరించాడు. ఆకులు, మట్టి, ఎర్రవీ నల్లవీ ప్లాస్టిక్ డొల్లలు. ఒక్కొక్కటే తుడిచి వరసగా నిలబెట్టాడు.

తూటా పేలినప్పుడు దాని ఇత్తడి అడుగు పేలుడు ఒత్తిడికి ఉబ్బి, ఆ తుపాకీలో తూటా కూర్చునే గది ఎంతుంటే అంత అవుతుంది. అలాగే మళ్ళీ నింపితే ఇంకో తుపాకీలో దూరదు, సగంలో ఇరుక్కుంటుంది. అందుకే ముందుగా దాన్ని మీట కింద పెట్టి ఉక్కు కడియంలోంచి దింపాలి. కడియం ఉబ్బునంతా నొక్కేసి కొత్తదాని కొలతకి తెస్తుంది. అదే దెబ్బకి పైనున్న ముల్లు డొల్ల లోపలికి దిగి, అడుగున కాలిపోయిన చిన్న టోపీని బయటికి తోసేస్తుంది. తుపాకీ సూది కొట్టగానే మందుకి నిప్పంటించేది ఆ టోపీయే. అది టింగుమని కింద డబ్బాలో పడుతుంది. అంతటితో ఆ డొల్ల ఏ తుపాకీలో పేలిందో చెప్పే గుర్తు దాని మీద ఒక్కటీ మిగలదు.

నొక్కక ముందు మాత్రం అన్నీ ఉంటాయి. పదహారేళ్ళుగా అవే తుపాకుల డొల్లలు చూస్తున్నవాడికి అవి మనుషుల మొహాల్లాంటివి. ఇదిగో ఇది జట్టులో జంటగొట్టాల పాతతుపాకీది, అంచు చెక్కుకుపోయింది. ఇది బేకరీవాడిది, సూది గుర్తు బాగా లోతు. అలా ఒక్కొక్కటే కుడిచేతివైపు పేర్చుకుంటూ పోతున్న థీమియోస్ చెయ్యి ఒక దగ్గర ఆగిపోయింది.

నల్ల డొల్ల. ఇత్తడికి ఒకే వైపు బొజ్జలా ఉబ్బు. సూది దెబ్బ టోపీ నడిమధ్యలో లేదు, కొంచెం కిందికి జారి ఉంది.

స్తెర్యోస్ ఆటోమేటిక్ తుపాకీ. దాని గది ఒకవైపు తుప్పు తిని అరిగిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా మార్పించుకోలేదు. పేలిన డొల్లని పొదల్లోకి నాలుగు బారల దూరం విసిరేసే తుపాకీ అది.

ఎప్పటి పాత డొల్లో అయుంటుంది అని తనకు తాను చెప్పుకున్నాడు థీమియోస్. కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళి మళ్ళీ చూశాడు. టోపీ రాగిరంగులో మెరుస్తోంది. ఎప్పుడూ వాడే తెల్లటోపీలు అయిపోతే, పోయిన శుక్రవారమే మొదటిసారి రాగిరంగువి పట్నం నుంచి తెప్పించాడు. వాటితో నింపిన తూటాలు శనివారం సాయంత్రం జట్టుకి పంచాడు. అవి పేలిన వేట ఒక్కటే, మొన్న ఆదివారంది.

డొల్లని కిటికీ అరుగు మీద, జిగురు డబ్బాల పక్కన నిలబెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ తుడుచుకున్నాడు.

"కుంబారె!"

గేటు దగ్గర్నుంచే గొంతు వినిపించింది. స్తెర్యోస్ థీమియోస్ కూతురు లాంబ్రినీకి జ్ఞానతండ్రిగా నిలబడి జ్ఞానస్నానం చేయించినవాడు. ఆనాటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు కుంబారె అనే పిలుచుకుంటారు. నిలువెత్తు మనిషి, లోపలికి వస్తే షెడ్డు సగం నిండిపోయింది. కలప కోసిన వాసన కూడా అతనితో పాటే వచ్చింది. ఊరి పైన కలప అడితి అతనిది. థీమియోస్ అల్లుడు వాయోస్ అందులోనే లారీ తోలుతాడు.

"కీత్సోస్ సంచి ఇచ్చి వెళ్ళాడట" అన్నాడు స్తెర్యోస్, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"ఇచ్చాడు."

"చెవులు లేకపోతేనేం, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది వాడికి. కొట్లో అందరికీ చెప్పాడు." జేబులోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "మా బావమరిది కాచింది. తాగు. ఇంతకీ నొక్కేశావా వాటిని?"

"ఇంకా లేదు. ఇప్పుడే తుడిచాను."

"అయితే కానీ. నువ్వు పనిచేస్తుంటే చూసి ఎన్నాళ్ళయిందో."

"తొందరేముంది కుంబారె? తుపాకులే పోలీసుల దగ్గరున్నాయి."

"ఇచ్చేస్తారు. పండుగకి ముందే ఇస్తామన్నారు. పాపం, చచ్చినవాడు ఎలాగూ తిరిగిరాడు, బతికున్నవాళ్ళ వేట ఆగుతుందా?" అతను నవ్వాడు. నవ్వుతున్నప్పుడు కూడా కళ్ళు బల్లమీది డొల్లలనే చూస్తున్నాయి. "మొదలెట్టు మరి. నేనున్నానని మొహమాటపడకు."

థీమియోస్ మొదటి డొల్లని కడియం కింద పెట్టి మీట దించాడు. కిర్రుమంది. టోపీ డబ్బాలో పడింది. రెండోది. మూడోది. షెడ్డులో ఆ చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట ఎవాంథియా కోళ్ళని పిలుస్తోంది.

"నాకో అనుమానం" అన్నాడు స్తెర్యోస్, ఒక డొల్ల తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ. "నువ్వు డొల్ల చూసి ఎవడి తుపాకీదో చెప్పేస్తావట కదా. నిజమేనా?"

"నా గొడుగే నేను గుర్తుపట్టలేకపోతున్నాను. పోయిన వారం చర్చి దగ్గర పూజారి గొడుగు పట్టుకొచ్చేశాను."

"అవునవును, విన్నాను!" స్తెర్యోస్ గట్టిగా నవ్వాడు. తొడ చరుచుకుని నవ్వాడు. తర్వాత చటుక్కున ఆపేశాడు. "వాయోస్ మంచి కుర్రాడు కుంబారె. కొత్త లారీ వస్తోంది, వాడికే ఇద్దామనుకుంటున్నాను. లాంబ్రినీకి చెప్పకు, నేనే చెప్తాను. నా చేతుల్తో నూనె పూసి పేరు పెట్టిన పిల్ల. దాని ఇల్లు చల్లగా ఉండాలి కదా?"

"ఉండాలి" అన్నాడు థీమియోస్.

వరసలోవన్నీ అయిపోయాయి. థీమియోస్ మీట మీంచి చెయ్యి తీసి, పని అయిపోయినట్టే చేతులు దులుపుకున్నాడు. స్తెర్యోస్ లేచాడు. లేచి తలుపు వైపు పోలేదు, కిటికీ వైపు పోయాడు. జిగురు డబ్బాల పక్కనున్న నల్ల డొల్లని రెండు వేళ్ళతో తీసి, వెలుతుర్లో పెట్టి, అడుగు చూశాడు. అతనేం చూశాడో, ఎంత చూశాడో మొహంలో తెలియలేదు.

"ఒకటి మర్చిపోయావ్" అని చెయ్యి చాచాడు.

థీమియోస్ అందుకున్నాడు. ఇత్తడి చల్లగా ఉంది. అది చేతిలో ఎంతసేపుందో తర్వాత ఎప్పుడు తలచుకున్నా అతనికి గుర్తురాలేదు. కడియం కింద పెట్టాడు. మీట దించాడు. ఉబ్బు ఎక్కువున్న డొల్ల కదా, మామూలుకన్నా గట్టిగా నొక్కాల్సివచ్చింది. భుజం బరువంతా మోపాడు. కిర్రుమని దిగింది. టింగుమంది. పైకి తీసేసరికి బొజ్జ లేదు, ఏమీ లేదు. కొత్తదానిలా గుండ్రంగా మెరుస్తోంది.

స్తెర్యోస్ దాన్ని తీసుకుని బొటనవేలితో నిమిరి, మిగతా వాటి మధ్యన పడేశాడు. "పనివాడివంటే నువ్వే కుంబారె" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. సీసా అక్కడే వదిలేశాడు.

ఆ రాత్రి థీమియోస్ అన్నం ముట్టలేదు. ఎవాంథియా ఉల్లికాడలు పెట్టి కాల్చిన పీతా రొట్టె వేడిచేసి ముందు పెడితే, దాని అంచు చిదుముతూ కూర్చుని, మొత్తం చెప్పేశాడు.

ఆమె పళ్ళేన్ని పక్కకి జరిపింది. తర్వాత, "పొరపాటున పేలిందేమో. పొదల్లో కదిలితే పందనుకుని ఉంటాడు" అంది.

"అనుకునే ఉంటాడు."

"అలాంటప్పుడు ఇంకేముంది? పొరపాటే కదా. పైగా నీ చేత్తో నువ్వే నొక్కేశావు. నొక్కినదాన్ని మళ్ళీ ఉబ్బించగలవా?"

థీమియోస్ లేచి దీపం ఆర్పాడు. పొరపాటే కదా అన్నమాట ఒక్కటే రెండుసార్లు పైకి అనుకుని, దాన్నే పట్టుకుని పడుకున్నాడు.

బుధవారం పదింటికి లుల్జిమ్ అన్న ఫాత్మిర్ వచ్చాడు. తమ్ముడి శవాన్ని సరిహద్దు దాటించి తీసుకెళ్ళడానికి పట్నంలో ఉన్నాడు. మధ్యలో తమ్ముడి బట్టలూ సామానూ తీసుకెళ్ళడానికి ఊళ్ళోకి వచ్చాడు. సన్నగా, ముందుకి వంగి ఉన్న మనిషి. షెడ్డు గుమ్మంలో తలమీది టోపీ తీసి నిలబడ్డాడు.

"గంటలు బాగుచేసే మేస్త్రీ మీరేనా? మీ పేరు చాలాసార్లు చెప్పాడు. ఏమన్నా బాకీ ఉంటే..."

"ఏం లేదు బాబూ, ఏం లేదు. కూర్చో."

కూర్చున్నాడు. ఎవాంథియా కాఫీ తెచ్చింది. అతను తాగకుండా కప్పు రెండు చేతులతో పట్టుకుని, దాంట్లోకే చూస్తూ మాట్లాడాడు.

"ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది, వాడు వెంటనే పోలేదట. గంటపైనే బతికున్నాడట. దెబ్బ తగిలిన చోటు నుంచి రోడ్డువైపు నలభై అడుగులు పాకాడు. మోచేతులు చూశాను నేను. చర్మం లేదు." కప్పు కింద పెట్టాడు. "పాకిన దారి పక్కనే బూటు గుర్తులున్నాయన్నారు పోలీసులు. ఎవడో దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నిలబడి, వెనక్కి పోయాడు. ఆ ఒక్కటే నాకు అర్థం కావట్లేదు మేస్త్రీ. తుపాకీ పేలడం అర్థమవుతుంది. వైర్‌లెస్ చేతిలో ఉంది కదా వీళ్ళందరికీ? ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదా?"

ఎవాంథియా తలుపు దగ్గర నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు తలగుడ్డ అంచు పంటికింద పెట్టుకుంది.

ఫాత్మిర్ వెళ్ళిపోయాక థీమియోస్ మీట కింది డబ్బా ఊడదీసి, బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి కుమ్మరించాడు. ఏళ్ళ తరబడి పడిన టోపీలు, వందలు. దాదాపు అన్నీ తెల్లవి. వాటి మధ్య అక్కడక్కడా రాగిరంగువి. భూతద్దం కళ్ళకి కట్టుకుని, చిన్న పట్టకారుతో రాగివన్నీ ఒకవైపు లాగాడు. ఇరవై మూడు. ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఇరవై రెండింటికి సూది దెబ్బ నడుమనో, నడుమకి దగ్గరగానో ఉంది. ఒక్కదానికి మాత్రం కిందికి జారి ఉంది.

డొల్లని నొక్కినప్పుడు ఇత్తడి ఉబ్బు పోతుంది. సూది చేసిన గుంట టోపీ మీద అలాగే ఉంటుంది. ఆ మాట తనకే తట్టలేదు మంగళవారం, భయంలో. స్తెర్యోస్‌కి అసలే తట్టి ఉండదు. మీట కింద డబ్బా ఒకటి ఉంటుందని కూర్చుని చూసేవాడికి ఎందుకు గుర్తుంటుంది?

"వాయోస్ ఉద్యోగం పోతుంది" అంది ఎవాంథియా వెనకనించి.

"పోతుంది."

"లాంబ్రినీ నీ మొహం చూడదు."

"చూడకపోవచ్చు."

"నిన్ను కూడా లోపలేస్తారేమో. తెలిసి తెలిసి నొక్కావు కదా."

"వేస్తే వేస్తారు."

ఆమె లోపలికి పోయింది. కాసేపటికి ఇస్త్రీపెట్టె చప్పుడు వినిపించింది. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. దాని పక్కన తన నల్లకోటు కూడా తగిలించింది. "ఒక్కడివే పోతావా ఏం, ఆ మోకాలితో" అంది.

గురువారం పొద్దున బస్సులో ఇద్దరే. డ్రైవరు, "ఏంటి మేస్త్రీ, పెళ్ళికా?" అన్నాడు. ఎవాంథియా, "ఆ, నీకు పిల్లని చూడ్డానికి" అంది. పట్నం చేరేదాకా థీమియోస్ టోపీ ఉన్న జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

పోలీసు స్టేషన్లో ఒక పడుచు అధికారిణి అతను చెప్పిందంతా రాసుకుంది. టోపీని చిన్న కాగితం సంచిలో వేసి అంటించింది. చివర్లో తలెత్తి, "డొల్ల మాత్రం మీరే నొక్కేశారా?" అని అడిగింది.

"నేనే."

"ఎవరిదో తెలిసే?"

"తెలిసే."

ఆమె కలం కాసేపు ఆగింది. తర్వాత అది కూడా రాసింది.

పరీక్షలకి మూడు వారాలు పట్టింది. తుపాకీ వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి దాంట్లో తూటా పేల్చి, ఆ టోపీనీ ఈ టోపీనీ పక్కపక్కన పెట్టి చూశారట. స్తెర్యోస్‌ని తీసుకెళ్ళారు. మొదట కాదన్నాడు, తర్వాత పందనుకున్నానన్నాడు. దగ్గరికి పోయి చూశావా అంటే చూశానన్నాడు. అప్పటికే చచ్చిపోయాడనుకున్నానని చెప్పాడు. అలా అనుకున్నవాడు వాగులో బూట్లు కడుక్కుని, కనుమెక్కి, ఏమీ ఎరగనట్టు వైర్‌లెస్‌లో కుక్కల్ని వెనక్కి పిలవమని ఎందుకు చెప్పాడో మాత్రం చెప్పలేదు. థీమియోస్ మీద కూడా వేరే కేసు రాశారు, సాక్ష్యం పాడుచేసినందుకు.

ఊరు రెండుగా చీలలేదు. ఒక్కటిగానే ఉంది, థీమియోస్‌కి అవతలి వైపున. కాఫీ కొట్లో అతను కూర్చుంటే పక్క బల్లవాళ్ళు పేకముక్కలు సర్దేసేవాళ్ళు. వాయోస్‌ని అడితిలోంచి తీసేశారు. లాంబ్రినీ క్రిస్మస్‌కి ఫోన్ చేసింది, తల్లితో మాత్రమే మాట్లాడింది. కీత్సోస్ ఒక్కడే ఎప్పట్లా వచ్చేవాడు. అతని మీద కూడా గుసగుసలున్నాయి గానీ అవి అతనికి వినపడవు. జనవరి మొదట్లో అతని కుక్కల్లో రెండు విషం తిని చచ్చాయి. "ఎలకలకి పెట్టింది తినుంటాయి" అన్నాడు కీత్సోస్, చాలా నెమ్మదిగా, తనతో తనే అన్నట్టు.

జనవరి చివర్లో స్తెర్యోస్‌ని షరతుల మీద వదిలిపెట్టారు. విచారణ మార్చిలో. అతను తిరిగొచ్చిన మూడో రోజు, మంచు కురిసి వెలిసిన ఉదయం, థీమియోస్ వాకిట్లో మంచు తోడుతున్నాడు. నల్ల జీపు వచ్చి గేటు ముందు ఆగింది. ఇంజను ఆగలేదు. కిటికీ అద్దం దిగింది.

"కుంబారె" అన్నాడు స్తెర్యోస్. చిక్కిపోయాడు. గెడ్డం గీసుకోలేదు. గొంతులో కోపం లేదు, అదే బాగోలేదు.

థీమియోస్ పార మీద చేతులానించి నిలబడ్డాడు.

"టోపీ సంగతి నాకు తట్టనే లేదు" అన్నాడు స్తెర్యోస్. "అది నీ తెలివి. ఒప్పుకుంటాను."

"నీకు ఆ రోజు తెలుసా? కిటికీ దగ్గర తీసి నా చేతికి ఇచ్చినప్పుడు?"

"అది నాదని నాకెలా తెలుస్తుంది? నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అన్నిట్నీ వరసలో పెట్టి, దాన్నొక్కదాన్నీ నువ్వు విడిగా పెట్టావు. అప్పుడు తెలిసింది. నీకు తెలుసనీ తెలిసింది." స్తెర్యోస్ చక్రం మీద వేలితో నెమ్మదిగా కొట్టాడు. "జేబులో వేసుకుని పోయేవాణ్ణి. పొయ్యిలో పడేస్తే పోయేది."

"మరి ఎందుకు ఇచ్చావు?"

"నీ చేత్తో నువ్వు నొక్కాలని. ఒక్కసారి నొక్కాక నువ్వు నోరెత్తవనుకున్నాను. నన్ను పట్టించాలంటే నిన్ను నువ్వు పట్టించుకోవాలి కదా. ఆ పని ఎవడు చేస్తాడు?" అతను థీమియోస్‌ని తేరిపార చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. "నువ్వు చేశావు."

రోడ్డు అవతల ఇంటి చప్టా మీద ఒకామె దుప్పటి దులుపుతూ ఇటు చూసి, దులపడం ఆపేసి లోపలికి పోయింది.

"వాడు పాకుతుంటే చూశావా?" అన్నాడు థీమియోస్.

స్తెర్యోస్ మొహం తిప్పుకున్నాడు. అద్దంలోంచి ముందున్న దారి కేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, "మార్చికి ఇంకా చాలా రోజులున్నాయి" అన్నాడు. "నువ్వు రోజూ ఇలా ఒక్కడివే మంచు తోడతావా?"

"నా వాకిలి నేనే తోడుకోవాలి."

"జాగ్రత్త కుంబారె. మోకాలు బాగోలేనివాడివి. జారతావు."

అద్దం పైకి లేచింది. జీపు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, మంచులో రెండు చాళ్ళు చేసుకుంటూ ఊరి పైకి పోయింది. మలుపు తిరిగినా ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత అది దూరమైపోలేదు, ఎక్కడో పైన ఆగిపోయింది.

ఎవాంథియా గుమ్మంలోకి వచ్చింది. "లోపలికి రా" అంది. ఆమె చూపు కొండ మీదే ఉంది.

"వస్తాను. నువ్వెళ్ళు."

అతను పార గోడకి ఆనించి గేటు దగ్గరికి నడిచాడు. ముప్ఫై ఏళ్ళ క్రితం కట్టిన గేటది. పగలుగానీ రాత్రిగానీ ఎప్పుడూ గడియ వేసి ఎరగరు. గడియ తుప్పు పట్టి గోడ పక్క కొక్కెంలోనే బిగిసిపోయింది. వేలితో లాగితే కదల్లేదు. షెడ్డుకి పోయి నూనె డబ్బా, సుత్తి తెచ్చాడు. నూనె పోసి, అది దిగేదాకా ఆగి, కింది నుంచి సుత్తితో చిన్నగా కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టిన ప్రతిసారీ ఆగి కొండవైపు చెవిపెట్టి విన్నాడు. చాలాసేపటికి గడియ ఒక అంగుళం కదిలింది. ఇంకా రెండంగుళాలు రావాలి. చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. మళ్ళీ నూనె పోశాడు.